అత్తయ్య చంపిన పందికొక్కు

జూన్ 3, సోమవారం

ఈ డైరీ మా ఆవిడ కొనిచ్చింది. ఉద్యోగం వేటలో రోజూ ఏం చేశానో రాసుకుంటే క్రమశిక్షణ వస్తుందట. సరే, రాస్తున్నాను. ఈ రోజు ఏమీ చేయలేదు. ఎంతో క్రమశిక్షణతో ఏమీ చేయలేదు.

జూన్ 4, మంగళవారం

హాల్లో పంచాయితీ జరిగింది. ఫిర్యాదు మా ఆవిడది, తీర్పూ మా ఆవిడదే. ముద్దాయిని నేను. సాక్ష్యం ఏమిటంటే నా ఆటల మిషన్. ఎవరు ఎన్ని గంటలు ఆడారో వాళ్ళ ప్రొఫైల్ కింద అచ్చేసి మరీ చూపించే దిక్కుమాలిన ఏర్పాటు ఒకటి అందులో ఉంది. తయారుచేసినవాడికి పెళ్ళి కాలేదని నా గట్టి నమ్మకం.

"ఇన్ని గంటలు చదివుంటే ఈపాటికి డాక్టరయ్యేవాడివి" అంది.

డాక్టరైతే ఇన్నిసార్లు చచ్చే అవకాశం నాకెక్కడిది అందామనుకుని మింగేశాను. ఉద్యోగం దొరికేదాకా నా ప్రొఫైల్లో ఒక్క నిమిషం కూడా పెరగకూడదని తీర్పు. రోజూ ఆఫీసు నుంచి రాగానే చూస్తుందట. ఒట్టు వేశాను.

అసలు ఆటని తిట్టేవాళ్ళలో ఒక్కరికీ ఆటంటే ఏమిటో తెలియదు. దీపం పట్టుకున్న ఒక బక్క మనిషి ఏడంతస్తుల గనిలోకి దిగుతాడు. దిగిన ప్రతిసారీ గదులు మారిపోతాయి, ఎదురొచ్చే జంతువులు మారిపోతాయి. చచ్చాడంటే దొరికినవన్నీ పోయి మళ్ళీ మొదటి అంతస్తు నుంచే. ఏరుకున్న బొగ్గు ఒక్కటి మాత్రం మిగులుతుంది. ఆ బొగ్గు పైనున్న కొలిమిలో ఇస్తే కమ్మరి సుత్తి బరువు పెంచుతాడు, ప్రాణం కాస్త గట్టిది చేస్తాడు. అవి ఇక పోవు. అంటే చచ్చిన ప్రతిసారీ మనిషి కొంచెం బాగుపడతాడు. ఈ సౌకర్యం నాకు బయట ఎక్కడా కనిపించలేదు. కంపెనీ నన్ను వద్దనుకున్నప్పుడు చేతికి బొగ్గు కూడా ఇవ్వలేదు.

జూన్ 6, గురువారం

మేముంటున్నది అత్తయ్య ఇంట్లో. దీన్ని ఇల్లరికం అనకూడదు, ఆవిడకి తోడుగా ఉన్నాం అనాలి. ఆవిడ పిల్లల ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. నెలల పిల్లల దగ్గరికి ఇంకెవరినీ పంపరు, ఆవిడనే పంపుతారు. బాత్‌రూంలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ బొటనవేలు మాట వినడం లేదు. ఈ నెలాఖరుకి సెలవు అయిపోతుంది.

ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి పిసకడానికి రంగు ముద్ద ఒకటి ఇచ్చింది. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకేమన్నా మూడేళ్ళామ్మా" అని టేబుల్ మీద పెట్టేసింది. అప్పుడా అమ్మాయి కన్ను సోఫాలో అనాథలా పడున్న నా కంట్రోలర్ మీద పడింది.

"ఇదైనా పర్వాలేదండీ. బొటనవేలికి పనే కదా. రోజుకి అరగంట చాలు" అంది.

అత్తయ్య పేరు మీద కొత్త ప్రొఫైల్ తెరిచాను. బొమ్మగా గుడ్లగూబని ఎంచుకుంది. మొదటి గది తలుపు తీయగానే గబ్బిలాలు మీదపడి చంపేశాయి.

"ఇదేం ఆటండీ అల్లుడు గారూ, గడప దాటగానే చావా?"

"అదే ఆట అత్తయ్యా."

జూన్ 7, శుక్రవారం

మధ్యాహ్నం భోజనమయ్యాక అత్తయ్య నిద్రపోతుంది. ఆవిడ ప్రొఫైల్ గురించి నేను ఒట్టు వేయలేదు.

జూన్ 8, శనివారం

మళ్ళీ ఒకసారి ఆలోచించాను. ఒట్టు నా ప్రొఫైల్ గురించే. అందులో ఒక్క నిమిషం పెరగలేదు. మా ఆవిడ వచ్చి చూసి, "గుడ్" అంది. మాట మీద నిలబడే మనిషికి దక్కే గౌరవం ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

జూన్ 11, మంగళవారం

బొగ్గు బాగానే పోగైంది. సుత్తి బరువు పెంచాను. ప్రాణం పెంచాను. ఇదంతా అత్తయ్య కోసమే. ఆవిడ చచ్చి పైకి వచ్చినప్పుడల్లా కొలిమి తెర వస్తే, "ఈ కమ్మరి గోల ఎందుకు మధ్యలో" అని బటన్ నొక్కి దాటేస్తుంది. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదా.

మూడు దరఖాస్తులు పెట్టాలనుకున్నాను. అనుకోవడం కూడా పనే.

జూన్ 14, శుక్రవారం

అత్తయ్య రెండో అంతస్తు దాటింది. గబ్బిలాలు తగిలితే ఇదివరకు చచ్చేది, ఇప్పుడు గబ్బిలాలే చస్తున్నాయి. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని బొటనవేలిని నాకు ఆడించి చూపించింది.

"చూశారా, మాట వింటోంది."

"మీ పట్టుదల అత్తయ్యా" అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు. పట్టుదల ఆవిడదే.

జూన్ 17, సోమవారం

ఈ రోజు గండం గడిచింది. మా ఆవిడ యథాప్రకారం నా ప్రొఫైల్ చూసి, పక్కనున్న గుడ్లగూబ కూడా చూసింది.

"అమ్మా, ఇన్ని గంటలా? ఆ అమ్మాయి అరగంటేగా చెప్పింది."

"నేను అరగంటేనే ఆడేది" అంది అత్తయ్య.

నేను కాఫీ కప్పు కింద పెట్టి, "అందులో మునిగితే టైం తెలియదులెండి అత్తయ్యా. నాకు తెలుసు కదా" అన్నాను. ఎంత సహజంగా వచ్చిందో. ఇంటర్వ్యూల్లో ఇలా వచ్చుంటే ఈ డైరీ అవసరమే ఉండేది కాదు.

అత్తయ్య గడియారం వైపు చూసింది. "అంతసేపు కూర్చుంటున్నానా?" అని తనలో తను అనుకుంది. తర్వాత గదిలోకి వెళ్ళి ఇంకోసారి అదే మాట అనుకోవడం వినిపించింది.

బాగుపడుతోంది కదా, ఆడనీ అని మా ఆవిడే సర్దిచెప్పింది.

జూన్ 20, గురువారం

మూడో అంతస్తులో ఒక పందికొక్కు ఉంటుంది. ఎద్దంత ఉంటుంది. అది నన్ను మొదటి నెలంతా ఏడిపించింది. అత్తయ్య దాన్ని ఈ సాయంత్రం చంపేసింది.

చంపి, కంట్రోలర్ పక్కన పెట్టి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, వాళ్ళ అక్కయ్యకి ఫోన్ చేసింది. "అక్కా, పందికొక్కుని చంపాను" అంది. ఇంట్లోకి ఎలా వచ్చిందని అటు నుంచి అడిగినట్టున్నారు. వివరించడానికి చాలాసేపు పట్టింది.

మా ఆవిడ నా పక్కన కూర్చుంది. "నీ ఆట ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చింది. థాంక్స్" అంది. పెళ్ళయినప్పటి నుంచి మా ఆవిడ నాకు థాంక్స్ చెప్పిన సందర్భాలు గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. తొందరగానే అయిపోయింది.

ఇంత మంచి రోజుని ఎవరైనా పాడు చేసుకుంటారా?

జూన్ 21, శుక్రవారం

ఫిజియో అమ్మాయి చిటికె బలం కొలిచే చిన్న మిషన్ తెచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కించింది. ముల్లు పోయిన వారం ఎక్కడుందో అక్కడే ఉంది.

"నీ మిషన్‌కి బ్యాటరీ మార్చమ్మా. నేను నిన్న పందికొక్కుని చంపాను" అంది అత్తయ్య.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను సీలింగ్ వైపు చూశాను. సున్నం వేయించాల్సిన టైమైంది.

ఇంకో రెండు నెలలు కౌంటర్లో కూర్చుని రసీదులు ఇమ్మని, తర్వాత సూది పట్టుకోమని ఆ అమ్మాయి సలహా. అత్తయ్య ఆ మాట పూర్తిగా విననేలేదు. ల్యాబ్ పెద్దాయనకి ఫోన్ చేసి జూలై ఒకటిన వార్డులోకే వస్తున్నానని చెప్పేసింది. ఆయన చెయ్యి ఎలా ఉందని అడిగితే, "నా చెయ్యి సంగతి నాకు తెలుసు సార్" అంది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఫిజియో అమ్మాయి నాతో మెల్లగా అంది: "ఆ పసిపిల్లల నరం దారమంత ఉంటుందండీ. వేలు వణికితే గుచ్చిన చోటే మళ్ళీ మళ్ళీ గుచ్చాల్సొస్తుంది. ఏదైనా జరిగితే ఆవిడ ఉద్యోగమూ పోతుంది. మీరైనా చెప్పండి, మీ మాట వింటారు."

నా మాట ఈ ఇంట్లో ఎవరు వింటారో ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో.

జూన్ 22, శనివారం

చెప్తాను. రేపు ఆదివారం, అందరూ తీరిగ్గా ఉంటారు.

జూన్ 23, ఆదివారం

అందరూ తీరిగ్గా, సంతోషంగా ఉన్నారు. అందుకని చెప్పలేదు.

జూన్ 25, మంగళవారం

చెప్పకుండానే తెలిసేలా చేసే ఉపాయం తట్టింది. కొలిమిలో చేయించుకున్నవన్నీ వెనక్కిచ్చేసి బొగ్గు తిరిగి తీసుకునే వీలుంది. అత్తయ్య పడుకోగానే అన్నీ ఇచ్చేశాను. సుత్తి మళ్ళీ మొదటిరోజు సుత్తి, ప్రాణం మొదటిరోజు ప్రాణం. ఆవిడే ఆడి, ఆవిడే ఓడి, తన చెయ్యి ఇంకా కుదరలేదని ఆవిడే తెలుసుకుంటుంది. నా నోటికి పని లేదు. ఇంత తెలివి ఉండి నాకు ఉద్యోగం లేకపోవడం ఈ సమాజం తప్పు.

సాయంత్రం గబ్బిలాలు చంపేశాయి. మళ్ళీ చంపేశాయి. మళ్ళీ. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి దిగింది. మళ్ళీ చచ్చింది.

"నిద్ర చాలలేదేమో" అంది.

జూన్ 26, బుధవారం

తెల్లవారుతూనే అత్తయ్య కాపడం పెట్టుకుంటూ కనిపించింది. చెయ్యికి రాత్రికి రాత్రి ఏమైందోనని భయం. కూరగాయల కత్తి కూడా ఎడమచేత్తో పట్టుకుంది. అడిగితే, వార్డుకి వెళ్ళేదాకా కుడిచేతిని దాచుకుంటున్నానంది. అంతేగానీ సూది మానుకుంటానని మాత్రం అనలేదు.

ఆ ముఖం చూడలేకపోయాను. మధ్యాహ్నం కూర్చుని సుత్తీ, ప్రాణమూ అన్నీ మళ్ళీ చేయించేశాను. తర్వాత కూడా కాసేపు ఆడాను. బొగ్గు తక్కువ పడితే బాగుండదని.

జూన్ 27, గురువారం

పందికొక్కు మళ్ళీ చచ్చింది. అత్తయ్య యూనిఫాం ఇస్త్రీ చేసుకుంది.

జూన్ 29, శనివారం

మా ఆవిడ నిద్రలో నవ్వుతోంది. వాళ్ళమ్మ ఉద్యోగానికి వెళ్తోందని.

నేను చెడ్డవాణ్ణి కాదు. చెడ్డవాళ్ళకి ఇంత కడుపునొప్పి రాదు.

జూన్ 30, ఆదివారం

మా ఆవిడ బజారుకి వెళ్ళింది. నాకు సూదంటే ఎంత భయమో నాకూ, నాకు టీకాలు వేసినవాళ్ళకీ తెలుసు. అయినా వెళ్ళి అత్తయ్య ముందు నిలబడి, "రేపు వెళ్ళేముందు ఒకసారి నా మీద చూసుకోండి" అన్నాను. ఇది కూడా ఉపాయమే అని ఒప్పుకుంటున్నాను. నోటితో చెప్పడం తప్ప ఏదైనా చేస్తాను నేను.

అత్తయ్య మొహం వెలిగిపోయింది. రక్తం తీసే సామాన్ల పెట్టె తెచ్చింది. నన్ను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, రబ్బరు పట్టీ కట్టి, స్పిరిట్ దూదితో తుడిచింది. సూది చేతిలోకి రాగానే ఆవిడ వేరే మనిషైపోయింది. గొంతు కూడా మారింది.

"పిడికిలి బిగించండి. ఇటు చూడొద్దు. బయట ఏముందో నాకు చెప్పండి."

"గోడ. గోడ మీద పిల్లి."

"ఏం రంగు?"

రంగు చెప్పేలోపు గుచ్చింది. రక్తం రాలేదు. సూది లోపల అటూ ఇటూ కదిలింది. తీసి, కొత్త సూదితో మళ్ళీ గుచ్చింది. రాలేదు. మూడోసారి గుచ్చేముందు సూది కొన వణకడం నాకు కనిపించింది. పిల్లి ఎప్పుడో వెళ్ళిపోయింది.

"నా నరాలే ముదనష్టపువి అత్తయ్యా" అన్నాను. చూశారా, అప్పుడు కూడా.

ఆవిడ పట్టీ విప్పింది. "మీ నరం పైపులా ఉంది బాబూ. పనికి కొత్తగా చేరినవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని గుచ్చుతారు" అంది. తన చెయ్యి తిప్పి చూసుకుంది. "మొన్న పందికొక్కుని చంపిన చెయ్యే కదా ఇది."

అప్పుడు చెప్పాను. మధ్యాహ్నాల సంగతి, బొగ్గు సంగతి, సుత్తి సంగతి. పోయిన మంగళవారం గబ్బిలాలు ఎందుకు చంపాయో కూడా చెప్పాను. మొత్తం చెప్పడానికి ఒక కాఫీ తాగేంతసేపు కూడా పట్టలేదు. దీనికోసమా నేను ఇన్ని రోజులు చచ్చింది?

ఆవిడ అరవలేదు. ల్యాబ్‌లో రిపోర్టు సరిచూసుకునే మనిషిలా ఒక్కొక్కటే అడిగింది.

"కొట్టింది నేనేనా, మీరా?"

"కొట్టింది మీరే అత్తయ్యా."

"మీరు మొదట్లో చంపినప్పుడు ఎన్ని దెబ్బలకి చచ్చింది?"

"నలభై దాకా పట్టేది."

"నాకు?"

"తొమ్మిది."

"అయితే చంపింది నేను కాదు" అంది.

నా చేతి మీద దూది పెట్టి నొక్కి పట్టుకుంది, అలవాటు కొద్దీ. కాసేపటికి, "ఆ గంటల లెక్క చూసిన రోజు నుంచి నాకు మతి పోతోందేమోనని భయపడుతున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియకుండా డాక్టర్‌ని అడుగుదామనుకున్నాను" అంది.

ఈ మాట నేను ఊహించలేదు. ఇన్నేళ్ళు సూటిగా బతికిన మనిషిని, తన బుర్ర మీద తనకే అనుమానం వచ్చేలా చేశాను. ఎందుకు? ఇంకొంచెంసేపు ఆడుకోవడానికి. సిగ్గేసింది. రాయడానికి ఇంతకన్నా మంచి మాట లేదు, సిగ్గేసింది.

"రేపు పొద్దున నా చేతిలో ఎవరి పిల్లనో పెట్టేవాళ్ళు" అంది. అంటూనే ఫోన్ తీసి ల్యాబ్ పెద్దాయనకి చేసింది. "సార్, నాకు కౌంటర్ ఇవ్వండి. చెయ్యి ఇంకా కుదరలేదు" అంది.

ఫోన్ పెట్టేసి, "మీ ఆవిడకి మీరే చెప్పుకోండి. నేను చెప్తే చాడీ అవుతుంది" అని లోపలికి వెళ్ళింది. యూనిఫాం బీరువాలో పెట్టిన చప్పుడైంది.

జూలై 1, సోమవారం

మా ఆవిడకి చెప్పాను. తిడితే బాగుండేది. మిషన్ వైర్లన్నీ పీకి, ఉండచుట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకి వెళ్ళింది. మధ్యాహ్న భోజనం డబ్బా పట్టలేదని ఇంట్లోనే వదిలేసింది.

జూలై 4, గురువారం

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. అవసరమైతే ఫ్రిజ్‌కి చెప్తుంది. "అల్లుడు గారికి ఆకలేస్తే వడ్డించుకోవచ్చు." ఫ్రిజ్ నాకన్నా నయం, నిజాయితీగా చప్పుడు చేస్తుంది.

కౌంటర్ నుంచి వచ్చాక ఆ రంగు ముద్దని పిసుకుతూ కూర్చుంటోంది. టీవీ పెట్టదు, ఎవరితోనూ మాట్లాడదు, పిసుకుతుంది.

జూలై 6, శనివారం

దరఖాస్తులు పెట్టాను. నిజంగానే. చేయడానికి ఇంకేమీ లేదు.

జూలై 9, మంగళవారం

పొద్దున్నే అత్తయ్య కిటికీ పక్కన కుర్చీ వేసి, "చొక్కా చెయ్యి పైకి మడవండి" అంది. ఫ్రిజ్‌తో కాదు, నాతోనే.

ఫిజియో అమ్మాయిని అడిగిందట. రోజుకి ఒక్కసారి గుచ్చి చూసుకోవచ్చందట. ఆసుపత్రిలో నేర్చుకునేవాళ్ళ కోసం రబ్బరు చెయ్యి ఉంటుంది కదా అన్నాను, బతిమాలుతున్నట్టు వినిపించకుండా.

"రబ్బరు చెయ్యి అబ్బా అనదు. అననప్పుడు నాకెలా తెలుస్తుంది?" అంది.

నేను అబ్బా అన్నాను. రక్తం రాలేదు. దూది పెట్టి, పెట్టె మూసి, కౌంటర్‌కి వెళ్ళిపోయింది.

జూలై 12, శుక్రవారం

ఇంటర్వ్యూ. గదిలో ఉక్కపోతగా ఉంటే అలవాటు కొద్దీ చేతులు మడిచాను. మోచేతి మడత దగ్గర నీలం మచ్చలు, సూది గుర్తులు. ఎదురుగా కూర్చున్న మేనేజర్ కళ్ళు అక్కడే ఆగిపోయాయి. నా అనుభవం గురించి అడగబోయినవాడు మంచినీళ్ళు తాగాడు.

"ఇవి..." అన్నాడు.

"మా అత్తగారండీ" అన్నాను.

ఆయన చాలాసేపు నన్ను చూసి మెల్లగా తలూపాడు. పెళ్ళైనవాడే అయ్యుంటాడు. కబురు చేస్తామన్నారు.

సాయంత్రం ఇది చెప్తే మా ఆవిడ నవ్వింది. వెంటనే కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూలై 17, బుధవారం

ఈ రోజు నరం దొరికినంత పనైంది. సూది లోపలికి వెళ్ళగానే గొట్టంలో ఎర్రగా ఒక్క చుక్క కనిపించింది. అత్తయ్య ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. అంతలో వేలు ఒక్క పిసరు జారింది, చుక్క అక్కడే ఆగిపోయింది.

"ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంది అత్తయ్యా. ఇంత దగ్గరికొచ్చారు, ఇంకొక్కసారి చూడండి" అన్నాను. చొక్కా రెండో చెయ్యి అప్పుడే మడిచేశాను కూడా. సూది చూస్తే కళ్ళు తిరిగే మనిషిని.

ఆవిడ చూపు ఆ చేతి మీద కాసేపు నిలిచింది. ఆవిడకీ చేయాలని ఉంది. అది నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"వద్దు. రేపు" అంది.

సూదికి మూత పెట్టింది, పెట్టె సర్దింది, బ్యాగు భుజాన వేసుకుని, దూది గట్టిగా పట్టుకోమని నాకు చెప్పి రసీదులు ఇవ్వడానికి వెళ్ళిపోయింది. గెలుపు అంత దగ్గర్లో పెట్టుకుని లేచి వెళ్ళడం మనుషులకి సాధ్యమేనని నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఆవిడ బస్సు ఎక్కేదాకా కిటికీ దగ్గరే నిలబడి చూశాను.